రెండో కుప్పలో ఏముంది

గదిలో ఉన్నవాళ్ళం: నేను, నా భార్య, ఆమె ఒళ్ళో మా నాలుగు నెలల పాప, టీకాలు వేసే నర్సు, మా వెనక వరసలో బిడ్డలతో ముగ్గురు తల్లులు. ఉన్న వస్తువులు: ఒక బల్ల, దాని మీద దూది, వాడిన సూదులు కత్తిరించే చిన్న యంత్రం, గోడకు పాత క్యాలెండరు, నేల మీద నీలం రంగు వ్యాక్సిన్ డబ్బా. ఉక్కునగరంలో టీకాల రోజున ఎప్పుడూ కనిపించే దృశ్యమే. నర్సు డబ్బా మూత తీసింది. చల్లటి ఆవిరి కొంచెం పైకి లేచింది. దానితో పాటు తడిసిన ప్లాస్టిక్కూ, మూత చుట్టూ ఉండే రబ్బరూ, కరుగుతున్న మంచూ కలిసిన ఒక వాసన వచ్చింది. ఆ వాసనకు పేరేమీ లేదు. నా చెయ్యి దానంతట అదే డబ్బాలోకి పోయి ఒక ఐస్ ప్యాక్ తీసి చెవి దగ్గర ఊపి చూసింది, లోపల నీళ్ళ చప్పుడు వినిపిస్తోందా లేదా అని. నర్సు నవ్వి, "ఏటండీ, మీదీ ఈ డిపార్ట్‌మెంటేనా?" అంది. ఒకప్పుడు అన్నాను. పాప ఇంకా ఏడుపు మొదలుపెట్టలేదు. నేను మాత్రం అప్పటికే డాక్టర్ మహాలక్ష్మి గారి దగ్గర ఉన్నాను.

ఆవిడ మీకు తెలిసే అవకాశం లేదు. ఆవిడ పేరుతో ఏ వార్డూ లేదు, ఏ అవార్డూ లేదు. కిందటేడాది ముందటి ఏడు కాకినాడలో చెల్లెలి గారింట్లో పోయారు. పొట్టి మనిషి. ఎప్పుడూ నేత చీర, చేతి గడియారం ముంజేతికి లోపలి వైపు, భుజాన ఒక ఖాకీ సంచి. ఆ సంచిలో స్టెతస్కోపు కన్నా పైన మామిడి తాండ్ర పొట్లం ఉండేది. జీపులో డ్రైవరు పక్కన కూర్చుని తాండ్ర చీల్చి వెనక్కి అందించేవారు. గొంతు ఎత్తేవారు కాదు. గోదావరి జిల్లా యాస ఆవిడ మాటలో చివరిదాకా పోలేదు. తండ్రి పోర్టులో గుమాస్తాగా చేరినప్పుడు చిన్నపిల్లగా ఈ ఊరు వచ్చారట. నన్ను ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు, "అబ్బాయ్" అనే.

నేను ఇన్‌స్ట్రుమెంటేషన్ చదివాను. మా నాన్న స్టీల్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. కృష్ణా జిల్లా నుంచి ఆ ఉద్యోగం కోసం వచ్చిన మనిషి, నాకూ అదే రాసిపెట్టి ఉందని నమ్మిన మనిషి. కొత్త శతాబ్దం మొదలైన రోజుల్లో ఒక టీకా ప్రయోగానికి ఫ్రిజ్‌లూ థర్మామీటర్లూ చూసుకునే మనిషి కావాలని తెలిసి వెళ్ళాను. ఆ ప్రయోగం నడిపేది మహాలక్ష్మి గారే, ఇంటర్వ్యూలో ఒకే విషయం అడిగారు. "కరెంటు పోతే ఏం చేస్తావు అబ్బాయ్?" నేను వరసగా చెప్పాను: జనరేటర్, అది కాకపోతే ఐస్ బాక్సులు, అదీ కాకపోతే చేపలరేవు అవతలి కోల్డ్ స్టోరేజీ. "జనరేటర్‌లో డీజిల్ ఉందని ఎలా తెలుస్తుంది?" రోజూ పొద్దున్నే చూస్తానన్నాను. "నువ్వు చూశావని నాకెలా తెలుస్తుంది?" ఆవిడ తాండ్ర ముక్క చేతిలో పెట్టి, "ఆలోచించుకుని రేపటి నుంచి రా" అన్నారు. ఇంటికి వచ్చి చెబితే నాన్న, "ఫ్రిజ్‌కి కాపలా కాయడానికి ఇంజనీరింగు ఎందుకురా?" అని భోజనానికి కూర్చున్నాడు.

ప్రయోగం టైఫాయిడ్ టీకాది. చేపలరేవుకు ఉత్తరంగా, సముద్రానికీ మురికి కాలవకూ మధ్య ఇరుక్కున్న ఒక జాలరిపేటలో పిల్లలకు వెయ్యాలి. అక్కడ ప్రతి వానాకాలం ఇంటికొక జ్వరం ఉండేది. కాగితం మీద ఆ పని చాలా తేలిక. సగం మంది పిల్లలకు కొత్త టీకా, సగం మందికి సెలైన్, అంటే ఉప్పునీళ్ళు. ఎవరికి ఏది పడిందో ఇచ్చేవాళ్ళకూ తెలియకూడదు, పుచ్చుకునేవాళ్ళకూ తెలియకూడదు. రెండేళ్ళు గమనించి, ఎవరికి జ్వరం వచ్చిందో లెక్కకట్టాలి. కాగితం మీంచి ఇసకలోకి దిగేసరికి పని వేరుగా ఉండేది. పిల్లలు సగం మంది అప్పలరాజులు, తక్కినవాళ్ళలో సగం నూకరాజులు. ఆడపిల్లలంతా అప్పలనరసమ్మలు. తండ్రుల పేర్లూ అవే. ఇళ్ళకు నెంబర్లు వేద్దామని పెయింటు డబ్బాతో వెళితే ప్రతి తలుపు మీదా అప్పటికే మలేరియా వాళ్ళ నెంబరు, పోలియో వాళ్ళ నెంబరు, జనాభా లెక్కల నెంబరు ఉన్నాయి. ఒక ముసలామె, "ఇంకా ఎక్కడ రాత్తావు బాబూ, నా మొగం మీద రాయి" అంది. సమ్మతి పత్రం మీద తండ్రి వేలిముద్ర కావాలంటే తండ్రి సముద్రంలో ఉంటాడు, వచ్చాక నిద్రలో ఉంటాడు. అందుకని వేసవిలో వేట నిషేధం ఉండే రోజులకు పని మొత్తం కుదించాం. ఆ రోజుల్లోనే మగవాళ్ళంతా ఇళ్ళ దగ్గర వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. ఆ గడువు దాటితే మళ్ళీ ఏడాది ఆగాలి.

ఎవరికి ఏది పడాలో చీటీలు తీసి తేల్చాలి; చిక్కు అంతా ఆ పద్ధతిని పేటవాళ్ళకు చెప్పడంలోనే వచ్చింది. నీ బిడ్డకు ఏ మందు ఇస్తున్నామో మాకే తెలియదు అని ఒక డాక్టరు అంటే ఎవరు నమ్ముతారు? పొరుగు వీధిలో ఆ మాట విన్న ఒకాయన, "తెలీని డాక్టరు కన్నా మా భూతవైద్యుడు నయం" అని నవ్వి పోయాడు. ఒక పొద్దున మహాలక్ష్మి గారూ నేనూ ఒడ్డున నిలబడి ఉండగా, ఒడ్డు నుంచే లాగే పెద్ద వల ఒకటి పైకి వచ్చింది. కవళ్ళ చేపలు బాగా పడ్డాయి. వల లాగినవాళ్ళు చేపలను ఇసక మీద కుప్పలు పోశారు. కుప్పలు పోసినవాడు ఒకడు, సరిచూసినవాళ్ళు అందరూ. ఇక్కడ రెండు తీసి అక్కడ, అక్కడ ఒకటి తీసి ఇక్కడ. అందరూ సరే అన్నాక, వాటాదారు ఒక్కొక్కరూ ఒక్కో గుర్తు ఇచ్చారు: ఒకడు గవ్వ, ఒకడు తాడుముక్క, ఒకడు సగం కాల్చిన చుట్ట. అటు తిరిగి నిలబడి ఉన్న ఒక ముసలాయన వాటిని చేతిలోకి తీసుకుని, వచ్చి కుప్పకొకటి చొప్పున పడేశాడు. ఎవడి గుర్తు ఏ కుప్ప మీద పడితే ఆ కుప్ప వాడిది. నోరెత్తినవాడు లేడు.

మహాలక్ష్మి గారు చాలాసేపు ఆ కుప్పలను చూశారు. "అబ్బాయ్, మనం చేసేదీ ఇదే కదూ?" అన్నారు. నాకూ అలాగే అనిపించింది. అంత కన్నా తేలికగా చెప్పే మార్గం ఇంకొకటి ఉండదని సంబరపడ్డాను.

సాయంత్రం వలలు బాగుచేసే రేకుల షెడ్డులో అందర్నీ కూర్చోబెట్టాం. పేటకు పెద్ద ఎర్రయ్య ముందు వరసలో మోకాళ్ళ మీద తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. పక్కనే నూకమ్మ. ఒడ్డు మీద చేపల వేలంపాట పాడేది ఆవిడే. ఆ పాట ఎంత దూరం వినిపించేదంటే, సముద్రంలో ఉన్న పడవ ధర విని వెనక్కి తిరుగుతుందని జనం నవ్వుకునేవారు. మహాలక్ష్మి గారు కుప్పల పోలిక చెప్పారు. గుర్తు ఎలా పడితే ఆ టీకా, ముందుగా ఎవరికీ తెలియదు, మీ కుప్పల్లాగే అని. తలలు ఊగాయి. ఎర్రయ్య, "ఇదీ మాట. ఇలా సెప్తే తెల్దేటి!" అన్నాడు. నేను సమ్మతి పత్రాల కట్ట విప్పుతున్నాను. మా ఫీల్డు వర్కరు సింహాచలం సిరా పెట్టె మూత తీశాడు.

"ఒక్క మాట డాక్టరమ్మా," అంది నూకమ్మ. "ఒక దాంట్లో మందు. రెండోదాంట్లో ఏటన్నారు?"

"ఉప్పునీళ్ళమ్మా. హాని ఏమీ ఉండదు."

"ఆని ఉండదు సరే గానీ, మా కుప్పల్లాగ ఎలగవుతాది? మేం ఒక కుప్పలో సేపలూ ఒక కుప్పలో ఇసకా పెట్టి గుర్తు ఏత్తామేటి? సమానంగా పోసి, అందరూ సూసి, సరే అన్నాకే గుర్తు. ఉప్పునీల్లకి మాకేటి కొదవ తల్లీ? వాకిట్లోనే ఉంది సముద్రం!"

షెడ్డు రేకులు అదిరేలా నవ్వారు. ఎవరో వెనక నుంచి, "సూది కూడా ఎందుకు, మునిగొచ్చెత్తాం!" అన్నారు. నేనూ నవ్వాను. ఎర్రయ్య మాత్రం నవ్వాపుకుని నూకమ్మను కసిరాడు, "ఊరుకోయే, పెద్ద మడిసితో ఎకసెక్కాలేటి" అని. మహాలక్ష్మి గారు నవ్వలేదు, కోపం తెచ్చుకోలేదు. గడియారం ఉన్న మణికట్టును రెండో చేత్తో పట్టుకున్నారు. ఆవిడ దగ్గర సిద్ధమైన జవాబులు ఉన్నాయని నాకు తెలుసు. ఈ టీకా పనిచేస్తుందని ఇంకా ఎవరికీ తెలియదు, కాబట్టి అది చేపలో ఇసకో ఎవరూ చెప్పలేరు. ఈ జవాబును శిక్షణలో మాకందరికీ నేర్పారు. ఆవిడ అది చెప్పలేదు.

"నూకమ్మా, నీ ప్రశ్నకి ఇవాళ నా దగ్గర జవాబు లేదు," అన్నారు. "దొరికాక వస్తాను. అప్పటిదాకా ఎవరూ వేలిముద్ర వెయ్యొద్దు."

సింహాచలం సిరా పెట్టె మూత మళ్ళీ పెట్టేశాడు.

తిరిగి వస్తూ జీపులో నేను ఆగలేకపోయాను. నాకు అప్పుడు తెలిసిన కారణాలన్నీ వరసపెట్టాను: ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంది, ప్రభుత్వ అనుమతి ఉంది, ఉప్పునీళ్ళతో పోల్చడం ప్రపంచమంతా చేసేదే, వేట నిషేధం రోజులు కరిగిపోతున్నాయి. ఆవిడ అన్నీ విన్నారు. "నీ జాబితాలో తప్పు లేదు అబ్బాయ్," అన్నారు. "ఈ కాగితం మొదటిసారి చదివినప్పుడే నాకూ ఆ నీళ్ళ దగ్గర మనసు ఆగింది. ఎవరూ అడగలేదు కదా అని ఊరుకున్నాను. ఇవాళ అడిగారు. టీకా పనిచేస్తే సగం మంది పిల్లలకి అది దక్కదు, పనిచెయ్యకపోతే ఎవరికీ ఏమీ దక్కదు. సూది నొప్పి మాత్రం అందరికీ సమానం. అదొక్కటే సమానంగా పోసి కుప్పలని చెప్పొచ్చానా?" కంచరపాలెం రైల్వే గేటు దగ్గర జీపు ఆగింది. గూడ్సు బండి పోయేదాకా ఆవిడ తాండ్ర చీల్చి వెనక్కి అందిస్తూ ఉన్నారు.

టీకా కంపెనీ తరఫున హైదరాబాదు నుంచి వచ్చి పని తనిఖీ చేసే శ్రీధర్ గారు ఆ వారమే వచ్చారు. ఆయన చెడ్డవాడు కాదు. సూటిగా మాట్లాడే మనిషి, పేటలో మాతో పాటు ఎండలో తిరిగిన మనిషి. మహాలక్ష్మి గారు అడిగింది ఒకటే: ఉప్పునీళ్ళ బదులు రెండో సగానికి కూడా నిజమైన టీకా పెట్టాలి. కామెర్లు రాకుండా వేసేది ఒకటుంది, పేటలో కామెర్లూ ఉన్నాయి. చివర్లో ఎవరికి ఏది పడిందో గుట్టు విప్పాక, ఇటువాళ్ళకు అటుదీ అటువాళ్ళకు ఇటుదీ వెయ్యాలి. శ్రీధర్ గారు తల పట్టుకున్నారు. అనుమతులన్నీ మళ్ళీ మొదటి నుంచి. రెండు టీకాల సీసాలూ ఒకేలా కనిపించవు, లేబుళ్ళు కప్పాలి. ఖర్చు. ఆలస్యం. అవతల ఇంకో ఊరు ఉప్పునీళ్ళతోనే సిద్ధంగా ఉంది.

"మేడమ్, ఈ మార్పు సైన్స్ అడగడం లేదు కదా," అన్నారాయన.

"లేదండీ శ్రీధర్ గారూ. నూకమ్మ అడిగింది."

"ఆవిడ ఒక్కతే కదండీ!"

"వేలిముద్ర ఒక్కొక్కరిదే కదండీ మనం తీసుకునేది," అన్నారు మహాలక్ష్మి గారు, టీ కప్పు ఆయన వైపు జరుపుతూ.

కంపెనీ కాదనలేదు, అవుననలేదు. పరిశీలిస్తామంది. ఆ పరిశీలనలో వేట నిషేధం ముగిసింది. పడవలు వెళ్ళిపోయాయి. పని లేదు కాబట్టి మనుషులూ అక్కర్లేదన్నారు. ముగ్గురు ఫీల్డు వర్కర్లను తీసెయ్యాల్సి వచ్చింది. అందులో సింహాచలం ఒకడు. వాళ్ళావిడకు నెలలు నిండుతున్నాయి. ఆఫీసు మెట్ల మీద కూర్చుని అన్నాడు: "ఆవిడ మాట నాయమైందే బావా. కానీ నాయం ఆవిడది, ఉద్యోగం నాది." మహాలక్ష్మి గారు తనే పోర్టులో తెలిసినవాళ్ళ చుట్టూ తిరిగి అతనికి కంటైనర్ యార్డులో పని ఇప్పించారు. అయినా అతను చాలాకాలం మాతో సరిగా మాట్లాడలేదు. ఆవిడ దాన్ని తప్పుపట్టలేదు. "అతనికి కోపం ఉండాలి. ఉండకపోతే నాకు అనుమానం వచ్చేది" అన్నారు ఒకసారి.

నన్ను ఉంచారు, ఫ్రిజ్‌లు నడుస్తూ ఉండాలి కాబట్టి. ఖాళీ ఫ్రిజ్‌లు. రోజూ పొద్దున్నే డీజిల్ చూసి, ట్యాంకులో ముంచిన పుల్లను ఆవిడ బల్ల మీద పెట్టేవాణ్ణి. ఇంటర్వ్యూ ప్రశ్నకు నాకు దొరికిన జవాబు అది. ఆవిడ పుల్ల మీద తడి ఎంతవరకు ఉందో చూసి కిటికీలో పెట్టేవారు. నాన్న స్టీల్ ప్లాంటు ట్రైనీ దరఖాస్తు రెండుసార్లు తెచ్చి మంచం మీద పెట్టాడు. "ఆవిడ మంచిదే కావచ్చు, ఆవిడ మంచితనం నిన్ను పర్మనెంటు చేస్తుందా?" అన్నాడు. రెండోసారి తెచ్చినదాన్ని నింపాను కూడా. పంపడానికి ముందు ఆవిడకు చెబుదామని వెళితే, ఆవిడ ఖాకీ సంచి సర్దుకుంటూ, "పేటకి వెళ్తున్నా, వస్తావా?" అన్నారు. ప్రయోగం ఆగినా ఆవిడ వారం వారం ఆ షెడ్డులో కూర్చుని జ్వరాలు చూసేవారు. ఆ రోజు నేనూ వెళ్ళాను.

నూకమ్మ తలమీద గంపతో ఎదురయింది. "ఏటి డాక్టరమ్మా, జవాబు దొరికిందేటి?"

"ఇంకా లేదమ్మా."

"ఎతకండి ఎతకండి. ఉప్పునీల్లు కావాలంటే ఇక్కడే ఉన్నాయి, ఎక్కడికీ పోవు."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ వారం మొదలుకుని ప్రతివారం అదే ప్రశ్న, అదే జవాబు. ఒక పెద్ద డాక్టరు అన్నిసార్లు అంతమంది ముందు "ఇంకా లేదు" అనడం నేను అంతకుముందు చూడలేదు. చివరికి నేను దరఖాస్తు పంపలేదు. ఎందుకని నాన్న అడిగితే, ఏం జరుగుతుందో చూడాలని ఉంది అన్నాను. అది కారణమని ఆయన ఒప్పుకోలేదు.

వానలు వెలిశాక కంపెనీ నుంచి కబురు వచ్చింది. ఒప్పుకున్నారు. అయితే పెద్ద భాగం అవతలి ఊరికి వెళ్ళిపోయింది, ఉప్పునీళ్ళతోనే. మా పేటకు మిగిలింది అనుకున్నదాంట్లో మూడో వంతు. మహాలక్ష్మి గారు ఆ ఉత్తరం చదివి, మడిచి కిటికీలోని పుల్లల పక్కన పెట్టారు. "అక్కడ ఎవరూ అడగలేదన్నమాట," అన్నారు. గెలిచినట్టు లేదు ఆ గొంతు.

మరుసటి వేట నిషేధం రోజులకు అన్నీ సిద్ధం చేశాం. నా వంతు కష్టం లేబుళ్ళది. సీసా మీద అసలు పేరు కనిపించకుండా అంటించే స్టిక్కరు ఫ్రిజ్ తేమకు ఊడివచ్చేది. ద్వారకా నగర్‌లో ఉన్న స్టిక్కర్ల దుకాణాలన్నీ తిరిగి, చివరికి ఐస్‌క్రీము డబ్బాలకు వాడే రకం పట్టుకున్నాను. షెడ్డులో మళ్ళీ సమావేశం జరిగింది. ఈసారి మహాలక్ష్మి గారు రెండు సీసాలూ చేతుల్లో పట్టుకుని, ఇది జ్వరానిది, ఇది కామెర్లది, రెండూ మందులే, చివర్లో రెండోది కూడా వేస్తాం అన్నారు. అందరూ నూకమ్మ వైపు చూశారు. నూకమ్మ ముక్కుపుడక సర్దుకుని, "ఇప్పుడు కుప్పలు" అంది.

మొదటి రోజు టీకాలు వెయ్యాలి. పొద్దున్నే రెండు డబ్బాలు షెడ్డులో దించి, పేర్లు సరిచూడటానికి వీధుల్లోకి వెళ్ళాం. ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆ టీకాలు చల్లగా ఉండాలి, గడ్డకట్టకూడదు. గడ్డకడితే చచ్చిపోతాయి. అందుకే ఐస్ ప్యాకులను కొంచెం కరగనిచ్చి, ఊపితే లోపల నీళ్ళు కదిలాకే డబ్బాలో పెడతాం. మేం లేని సమయంలో ఎర్రయ్య మూత తీసి చూశాడు. మంచు కరిగి చెమట పోస్తోంది. పట్నం వాళ్ళకు మంచు సంగతి తెలియదని జాలిపడి, రేవు నుంచి దంచిన ఐసు తెప్పించి, దూరం వేటకు వెళ్ళే పడవలో చేపలకు చేసినట్టే మధ్యమధ్య ఉప్పు చల్లి, రెండు డబ్బాలూ నిండా కూరి, పైన గోనె కప్పాడు. మేం వచ్చేసరికి గర్వంగా పక్కన నిలబడి ఉన్నాడు. "నాలుగు రోజులైనా సెక్కు సెదరదు బాబూ" అన్నాడు.

థర్మామీటరు సున్నాకు కిందికి పోయింది. సీసాల్లో మందు తెల్లగా బిగుసుకుని ఉంది. బయట తల్లులు పిల్లలతో వరస కట్టారు. మొదటి రోజు పని చూడటానికి వచ్చిన శ్రీధర్ గారు ఒక సీసాను అరచేతుల మధ్య వెచ్చబెట్టి వెలుతురుకు ఎత్తి చూశారు. కరిగింది. చూడటానికి బాగానే ఉంది. "ల్యాబుకి ఫోన్ చేసి కనుక్కుందామా మేడమ్? పాడవకపోయి ఉండొచ్చు," అన్నారు మెల్లగా. ఏడాది ఆగిన పని అది. ఇంకోసారి వెనక్కి పంపితే ఈ జనం మళ్ళీ వస్తారా అన్నది ఆ షెడ్డులో అందరి మొహాల మీదా కనిపించింది.

మహాలక్ష్మి గారు బయటికి నడిచారు. వరస ముందు నిలబడి, ఎర్రయ్య పేరు చెప్పకుండా, "ఈ మందులు బాగా చల్లబడిపోయి పాడయ్యాయి. పాడయిన మందు మీ పిల్లలకి వెయ్యం. కొత్తవి రావడానికి వారం పడుతుంది. ఎండలో నిలబెట్టినందుకు క్షమించండి," అన్నారు. ఎర్రయ్యే ముందుకొచ్చి తువ్వాలు భుజం మీంచి తీశాడు.

"నానే ఐసు ఏసినాను," అన్నాడు. "మంచికనే ఏసినాను."

నూకమ్మ చెయ్యి నడుం మీద పెట్టుకుంది. "సేపలనుకున్నావేటి మావా? ఇంకా నయం, ఎండబెట్టి ఉప్పుసేప సెయ్యనేదు!"

వరస మొత్తం నవ్వింది. ఆ నవ్వులో ఎర్రయ్య కూడా చివరికి నవ్వాడు. మహాలక్ష్మి గారు ఆయన్ని లోపలికి పిలిచి ఐస్ ప్యాకు చేతికిచ్చి, చెవి దగ్గర ఊపమన్నారు. "నీళ్ళు మాట్లాడాకే పెట్టాలి ఎర్రయ్యా. వచ్చే వారం నీ చెవే చూడాలి ఇది." వారం తర్వాత ఆయన ప్రతి ప్యాకునూ ఊపి, విని, నాకు అందించాడు. జనం వచ్చారు. మొదటిసారి కన్నా ఎక్కువమందే వచ్చారు.

నూకమ్మ ఆ రోజు వరసను సరిచేస్తూ, వేలంపాట గొంతుతో పేర్లు పిలుస్తూ, ఏడ్చే పిల్లల్ని బెదిరిస్తూ సాయంత్రం దాకా నిలబడింది. చివర్లో నేను ఆమె మనవరాలి కాగితం తీశాను. "దానికి ఒద్దు బాబూ," అంది. నాకు అర్థం కాలేదు. ఇంత చేసింది ఆమే కదా అన్నాను. "కుప్పలు సమానంగా పొయ్యమన్నాను. వాటా కావాలన్నానేటి? అది ఒక్కగానొక్క ఆడగుంట. దాని మీద సీటీ ఎయ్యను. మందు పని సేత్తాదో నేదో తేలనీ, అప్పుడు సూద్దాం." నేను మహాలక్ష్మి గారి వైపు చూశాను, ఆవిడైనా నచ్చచెబుతారని. ఆవిడ తాండ్ర ముక్క తీసి నూకమ్మ మనవరాలి చేతిలో పెట్టి, "నిరాకరించారు అని రాయి. కారణం గడి ఖాళీగా వదిలెయ్," అన్నారు. జీపులో చెప్పారు: "ప్రశ్న వేసినవాళ్ళు తప్పకుండా అవునంటారని ఎక్కడుంది అబ్బాయ్? అలా అయితే అది ప్రశ్న కాదు, బేరం."

రెండేళ్ళు గడిచాయి. పేటలో ప్రతి జ్వరానికీ రక్తం తీశాం, వేటకు పోయిన కుటుంబాల వెంట భీమిలి దాకా తిరిగాం. గుట్టు విప్పిన రోజున టీకా పనిచేసిందని తేలింది. కామెర్ల టీకా పడినవాళ్ళందరికీ జ్వరం టీకా, అటువాళ్ళకు ఇటుదీ వేశాం. ప్రయోగంలో చేరనివాళ్ళకు కూడా వెయ్యాలని ఆవిడ కంపెనీతో ఇంకోసారి వాదించి ఒప్పించారు. నూకమ్మ మనవరాలిని తెచ్చి, "ఇన్నాళ్ళు పట్టిందేటి?" అని మమ్మల్నే తిట్టింది. అవతలి ఊళ్ళో ఉప్పునీళ్ళు పడ్డ పిల్లలకు తర్వాత ఏం వేశారో కనుక్కోమని మహాలక్ష్మి గారు శ్రీధర్ గారికి నాలుగు ఉత్తరాలు రాశారు. చివరిది ఆవిడ ఉద్యోగ విరమణ రోజున నా చేతికిచ్చి పోస్టు చెయ్యమన్నారు. ఏ జవాబు వచ్చిందో నాకు తెలియదు. ఆవిడకూ తెలియకుండానే పోయారు.

ఇప్పుడు నా పని ద్వారకా నగర్‌లో, రెండో అంతస్తులోని ఒక చిన్న ఆఫీసులో. టీకాలకూ, రోగ నిర్ధారణ పరీక్షలకూ ఇతర ఊళ్ళలో జరగబోయే ప్రయోగాల ప్రతిపాదనలు మా దగ్గరికి వస్తాయి. ఫ్రిజ్‌లు సరిపోతాయా, మనుషులు సరిపోతారా, ఆ ఊళ్ళో కరెంటు ఉంటుందా, పిల్లల పేర్లు ఎలా గుర్తుపడతారు అన్నవి చూసి చెప్పడం నా బాధ్యత. అవి చూస్తాను. ఆ తర్వాత, నన్ను ఎవరూ అడగకపోయినా, ఒక వాక్యం రాస్తాను. మొదట్లో మర్యాదగా, శాస్త్రం మాటల్లో రాసేవాణ్ణి. ఎవరికీ అర్థం కావడం లేదని ఇప్పుడు నూకమ్మ మాటల్లోనే రాస్తున్నాను: రెండో కుప్పలో ఏముంది? కొందరు ఫోన్ చేసి ఇదేమిటని అడుగుతారు. చెబుతాను. కొందరు నవ్వుతారు. కొందరు మా ఆఫీసుకు మళ్ళీ పని పంపరు. కొన్నిసార్లు ఉప్పునీళ్ళు తప్ప దారి లేని ప్రయోగాలూ ఉంటాయి. అప్పుడు ఆ సంగతి అక్కడి జనం ముందు నిలబడి చెప్పే మనిషి పేరు రాయమంటాను.

ఇప్పటివరకు పద్నాలుగు ప్రతిపాదనలకు ఆ వాక్యం రాశాను. నాలుగు మారాయి.